స్టేటిన్: కమ్మరి దాగలి పేరు మోస్తున్న నార్వే శిఖరం

నార్వే ఉత్తర భాగంలో, ఆర్కిటిక్ వలయానికి పైన, నార్వీక్ పట్టణానికి నైరుతి దిక్కున స్టేటిన్ అనే శిఖరం ఉంది. ఎత్తు 1,392 మీటర్లు. హిమాలయాల లెక్కలు విన్న చెవులకు ఇది చిన్న కొండలాగే అనిపిస్తుంది. కానీ హిమాలయ శిఖరాల ఎత్తు కొలిచేటప్పుడు వాటి కింద ఉన్న పీఠభూమి ఎత్తు కూడా కలిసి వస్తుంది. స్టేటిన్‌కు అలాంటి ఆసరా ఏమీ లేదు. దాని పాదం సముద్రం ఒడ్డునే ఉంది. ఒకప్పుడు హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం చొచ్చుకొచ్చి ఏర్పడిన సన్నటి పాయను ఫియోర్డు అంటారు. అలాంటి ఒక ఫియోర్డు ఒడ్డు నుంచి ఈ కొండ ఒక్క ఊపున పైకి లేస్తుంది. పడవలో కూర్చుని తలెత్తితే 1,392 మీటర్లూ ఒకేసారి కంటికి కనిపిస్తాయి.

2002ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పర్వత సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే రేడియో శ్రోతలు ఓట్లేసి స్టేటిన్‌ను తమ జాతీయ పర్వతంగా ఎంచుకున్నారు. దేశంలో అన్నిటికన్నా ఎత్తైన గాల్‌హోపిగ్గెన్ దీనికంటే వెయ్యి మీటర్లకు పైగా పెద్దది, 2,469 మీటర్లు. అయినా జనం ఎత్తును చూసి ఓటేయలేదు, ఆకారాన్ని చూసి వేశారు. ఆ ఆకారమే ఈ కొండ పేరులోనూ ఉంది. పేరు పెట్టినవాళ్లు ఎక్కడ నిలబడి చూశారో, రోజూ ఏ పనిముట్లు పట్టుకుని బతికారో కూడా ఆ పేరు పట్టిస్తుంది.

పేరులో రెండు ముక్కలున్నాయి, 'స్టే', 'టిన్'. నార్వే భాష రాతలో రెండో ముక్క చివర 'డ' అక్షరం ఉంటుంది గానీ పలకరు. అందుకే ఇంగ్లిష్ అక్షరాలు చూసి 'స్టెటిండ్' అని రాసే వాడుక ఉన్నా, అక్కడివాళ్ల నోట వినిపించేది స్టేటిన్. కొందరు దీనికి ప్రత్యయం చేర్చి 'స్టేటిన్నెన్' అని కూడా అంటారు.

'స్టే' అంటే దాగలి. కమ్మరి ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సమ్మెటతో కొట్టే ఇనుప దిమ్మె. వెయ్యేళ్ల కిందట నార్వేలో మాట్లాడిన నార్స్ భాషలో ఈ మాట 'స్టెది'. ఇప్పటి నార్వే పుస్తక భాషలో దాగలికి 'అంబోల్ట్' అనే మాట వాడతారు. మధ్యయుగంలో జర్మన్ వ్యాపారులు నార్వే ఓడరేవుల్లో తిష్ట వేసిన కాలంలో వాళ్ల భాష నుంచి నార్వే భాషలోకి మాటలు గుంపులుగా వచ్చి చేరాయి. అంబోల్ట్ కూడా ఆ దారిలో వచ్చిందే. పాత మాట మాండలికాల్లోకి తగ్గిపోయింది. అందువల్ల ఈ రోజు ఓస్లోలో చదువుకునే కుర్రాడికి ఈ కొండ పేరు వినగానే దాగలి గుర్తుకు రాకపోవచ్చు. 'చోటు' అనే అర్థం ఇచ్చే మరో నార్వే మాట కూడా దాదాపు ఇలాగే వినిపిస్తుంది కాబట్టి దాన్నే తలచుకునే అవకాశం ఎక్కువ. ఆ రెండు మాటల పుట్టుక వేరైనా మూలధాతువు ఒక్కటే, నిలబడటం. దాగలి అంటే ఎన్ని దెబ్బలు పడ్డా కదలకుండా నిలిచేది. సంస్కృతంలోని 'స్థా' ధాతువు కూడా ఈ కుటుంబానిదే. అంటే తెలుగులో రోజూ వాడే స్థానం, స్థిరం, స్థితి వంటి మాటలకు ఆ ఆర్కిటిక్ కొండ పేరులోని మొదటి ముక్క దూరపు చుట్టం.

'టిన్' అంటే శిఖరం అని నిఘంటువులు చెబుతాయి. అది తర్వాత వచ్చిన అర్థం. పాత నార్స్‌లో 'టిండ్ర్' అంటే మొన, పన్ను. గడ్డిని పోగు చేసే పళ్లకర్రకు, మట్టిగడ్డలు చితగ్గొట్టే గుంటకకు ఉండే పళ్లను కూడా ఈ మాటతోనే పిలిచేవాళ్లు, ఇప్పటికీ పిలుస్తారు. ఆకాశంలోకి పొడుచుకొచ్చిన కొండ మొన వాళ్లకు ఆ పన్నులాగే కనిపించింది. అంటే జాతీయ పర్వతం పేరులోని రెండు ముక్కలూ పనిముట్ల నుంచి వచ్చినవే. ఒకటి కొలిమి నుంచి, ఇంకొకటి పొలం నుంచి. దేవుళ్ల పేరు, రాజుల పేరు, వీరుల పేరు ఏదీ అందులో లేదు.

దాగలి పోలిక ఎంత సరిగ్గా కుదిరిందో తెలియాలంటే ఆ కాలపు దాగలి ఎలా ఉండేదో చూడాలి. ఇప్పటి బొమ్మల్లో కనిపించే పెద్ద కొమ్ము దాగలిని మనసులో పెట్టుకుంటే కొండకూ దానికీ పొంతన కుదరదు. 1936లో స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో, మాస్టర్‌మీర్ అనే చోట ఒక రైతు పొలం దున్నుతుంటే వైకింగ్ కాలపు, అంటే సుమారు వెయ్యేళ్ల కిందటి, పనివాడి పెట్టె ఒకటి బయటపడింది. సమ్మెటలు, పటకార్లు, రంపాలు, ఆకురాళ్లతో పాటు ఇనుప దాగలి కూడా అందులో ఉంది. ఆ కాలపు దాగళ్లు పొట్టివి, బరువైన దిమ్మెలు. పై భాగం చదునుగా, పక్కలు నిటారుగా ఉండేవి. చెట్టు మొద్దులో దిగగొట్టి వాటి మీద పనిచేసేవాళ్లు. ఫియోర్డు వైపు నుంచి చూస్తే స్టేటిన్ రూపం సరిగ్గా ఇదే. నున్నటి గోడల్లా దిగిపోయే పక్కలు, పైన కత్తితో కోసినట్టు చదునైన తల. మొనదేలి ఉండాల్సిన శిఖరం బల్లలా ఆగిపోతుంది. మొద్దులో దిగగొట్టిన దాగలి ఎలా ఉంటుందో, నీళ్లలో దిగగొట్టిన ఈ కొండ అలా ఉంటుంది.

ఈ ఆకారానికి కారణం ఆ కొండ రాయిలోనే ఉంది. ఇది టిస్‌ఫియోర్డు గ్రానైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే రాయి. వయసు సుమారు 180 కోట్ల సంవత్సరాలు. గ్రానైట్ పైనున్న బరువు తగ్గేకొద్దీ ఉల్లిపొరల్లాగా పలకలు పలకలుగా విడిపోతుంది. ఆ పలకలను హిమానీనదాలు పట్టి లాగేశాయి. అందుకే దాని పక్కలు మెట్లు మెట్లుగా కాకుండా నున్నటి పెద్ద పలకలుగా జారిపోతాయి, వాన పడితే అద్దంలా మెరుస్తాయి.

దాగలి పోలిక అన్ని దిక్కుల నుంచీ కుదరదు. వెనక వైపు నుంచి, అంటే కొండల మధ్య నుంచి చూస్తే స్టేటిన్ ఒక పొడవాటి గట్టుకు చివర ఉన్న శిఖరం. అక్కడ నిలబడ్డవాడికి 'దాగలి' అనే మాట తట్టే అవకాశం తక్కువ. ఈ పేరు సముద్రం మీద పుట్టింది. పడవలో తెడ్డు వేస్తున్నవాడి కంటికి కనిపించిన రూపానికి పెట్టిన పేరు ఇది. ఏ గ్రంథంలోనూ రాసి లేకపోయినా ఆ పేరు ఎటు చూస్తోందో గమనిస్తే ఈ సంగతి బయటపడుతుంది.

స్టేటిన్ ఉన్న నూర్‌లాండ్ తీరం జీవితం తెలిస్తే ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. అక్కడ మొన్నమొన్నటి వరకూ రోడ్డంటే సముద్రమే. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ వరకూ కాడ్ చేపలు గుంపులు గుంపులుగా లోఫోటెన్ దీవుల దగ్గరికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. చుట్టుపక్కల ఫియోర్డుల్లోని మగవాళ్లు తెరచాప పడవలు కట్టుకుని ఆ చలిలో అక్కడికి పోయేవాళ్లు. చేపలు దొరికే తావును నీళ్ల మీద గుర్తుపెట్టుకోవడానికి గీత గీయలేరు కదా. ఒక కొండ మొన ఇంకో కొండ భుజం మీదుగా కనిపించే చోటు ఒక గీత. మరో దిక్కున రెండు కొండలు అలా కలిసే చోటు ఇంకో గీత. ఆ రెండు గీతలూ ఖండించుకునే చోట వల వేయాలి. ఈ గుర్తులు తండ్రి నుంచి కొడుక్కి అందేవి, పరాయి వాళ్లకు చెప్పేవాళ్లు కాదు. అలాంటి బతుకులో కొండకు పేరు అలంకారం కోసం కాదు. మబ్బు పట్టినా, అలలు లేచినా చటుక్కున గుర్తుపట్టేలా ఉండాలి. పలకడానికి చిన్నదిగా, ఆకారాన్ని కళ్లకు కట్టేదిగా ఉండాలి. ఆ పడవల చెక్కలను కలిపే ఇనుప మేకులు, గాలాలు, కొడవళ్లు ఊళ్లోని కొలిమిలోనే తయారయ్యేవి. కాబట్టి దాగలి ఎలా ఉంటుందో తెలియని మనిషి ఆ పడవల్లో ఉండే అవకాశం లేదు.

అదే తీరం వెంట దక్షిణానికి పోతే ఇలాంటి పేర్లు వరసగా తగులుతాయి. బ్రోన్నోయ్‌సూండ్ దగ్గర టోర్గ్‌హాటెన్ అనే కొండ టోపీలా ఉంటుంది, దాని పేరులోని 'హాట్' అంటే టోపీయే. కొండ మధ్యలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు సుమారు 160 మీటర్ల పొడవున పెద్ద సొరంగం లాంటి కన్నం ఉంది. ఇంకా పైన హెస్ట్‌మన్నెన్, గుర్రపు రౌతు. ఆల్‌స్టెన్ దీవి మీద వరుసగా నిలబడ్డ శిఖరాలకు ఏడుగురు అక్కచెల్లెళ్లు అని పేరు. వీటన్నిటినీ కలిపి జనం ఒక కథ అల్లుకున్నారు. గుర్రపు రౌతు ఒక కన్యను తరుముతాడు, ఆమె దొరకదని తెలిసి బాణం వేస్తాడు. అడ్డుపడ్డ రాజు తన టోపీ విసురుతాడు, బాణం టోపీలోంచి దూసుకుపోతుంది. ఇంతలో సూర్యుడు ఉదయించి అందరూ రాళ్లయిపోతారు. కథలోని కొండలు ఒక దాని వెనక ఒకటి ఎదురయ్యే వరస ఓడ ప్రయాణపు వరసే. నావికుడు దారి మరిచిపోకుండా కథే దిక్సూచిగా పనిచేసింది. స్టేటిన్ ఈ కథలో లేదు గానీ పేరు పుట్టిన తీరు ఒక్కటే.

నార్వే దక్షిణాన, లోపలి కొండల్లో పేర్ల కథ వేరే దారిలో నడిచింది. 1814 వరకూ నార్వే శతాబ్దాల పాటు డెన్మార్క్ రాజుల కింద ఉంది. ఆ తర్వాత 1905 దాకా స్వీడన్ రాజు కింద. సొంత దేశం, సొంత భాష, సొంత చరిత్ర అనే ఆరాటం 19వ శతాబ్దమంతా నడిచింది. చదువుకున్నవాళ్లకు కొండలు ఆ ఆరాటానికి గుర్తులయ్యాయి. 1820లో భూగర్భ శాస్త్రవేత్త బాల్తాజార్ కైల్‌హావ్ మధ్య నార్వేలోని ఎత్తైన కొండల గుంపును చూసి, జర్మన్లు పిలిచే 'రాక్షస పర్వతాల' పేరు పోలికలో 'యోటున్ కొండలు' అన్నాడు. 1862లో కవి ఆస్మున్ ఊలాఫ్‌సన్ విన్యె దాన్ని నార్స్ పురాణాల్లోని రాక్షస లోకం పేరుకు దగ్గరగా తెచ్చి 'యోటున్‌హైమెన్' చేశాడు. ఈ రోజు ఆ పేరు వింటే అనాది నుంచి ఉన్న పేరే అనిపిస్తుంది. నిజానికి అది పుట్టి రెండు వందల ఏళ్లు కూడా నిండలేదు. అందమైన పేరే, కానీ అది పై నుంచి వచ్చింది. అక్కడ పశువులు కాసుకునే రైతులు ఆ కొండలన్నిటినీ కలిపి ఒకే పేరుతో పిలవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ రైతులు పెట్టిన పేర్లు ఎలా ఉంటాయో అదే కొండల గుంపులో ఉన్న గాల్‌హోపిగ్గెన్ చెబుతుంది. 'గాల్' అంటే నిటారుగా ఎక్కే కొండదారి. 'హో' అంటే గుండ్రటి పెద్ద కొండ. 'పిగ్గెన్' అంటే ముల్లు, మొన. నిటారు దారి పైనున్న గుండ్రటి కొండకు పొడుచుకొచ్చిన ముల్లు అన్నమాట. దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం అసలు పేరు కింద నడిచే బాట నుంచి వచ్చింది. మూడో ఎత్తైన శిఖరం స్తూరె స్కాగస్టోల్స్‌టిన్‌ది ఇదే తీరు. లోయలో స్కాగస్టోల్ అనే వేసవి పాడి పాకలుండేవి. ఎండాకాలం ఆవులను తోలుకొచ్చి అక్కడే వెన్న, జున్ను చేసుకునేవాళ్లు. ఆ పాకల పైనున్న పెద్ద శిఖరం కాబట్టి ఆ పేరు. చాలా కాలం ఎక్కడానికి ఎవరూ సాహసించని 2,405 మీటర్ల బండకు పాల పాకల పేరు ఉండటంలో ఒక న్యాయం ఉంది. కొండతో రోజూ పని ఉన్నవాళ్లకే పేరు పెట్టే హక్కు దక్కింది.

పర్వతారోహకులు రావడంతో స్టేటిన్ మీద ఇంకో పొర పేర్లు చేరాయి. 1888లో జర్మన్ పర్వతారోహకుడు పౌల్ గ్యూస్‌ఫెల్ట్, నార్వే వాసి మార్టిన్ ఎక్రోల్ కలిసి ప్రయత్నించి వెనుదిరిగారు. మరుసటి ఏడాది డెన్మార్క్‌కు చెందిన కార్ల్ హాల్ గట్టు వెంట పైకి వచ్చి, అసలు శిఖరానికి ముందున్న చిన్న శిఖరం దాకా చేరాడు. అక్కడి నుంచి అసలు శిఖరం ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో రెండు పక్కలా పాతాళంలోకి జారే సన్నటి గట్టు. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆ చిన్న శిఖరానికి ఇప్పటికీ 'హాల్ ముందు శిఖరం' అనే పేరు ఉంది. నార్వే కొండల్లో మనుషుల పేర్లు అరుదు. ఉన్నవి చాలా వరకు ఆరోహకుల కాలంలోనే వచ్చాయి. స్తూరె స్కాగస్టోల్స్‌టిన్‌ను 1876లో మొదట ఎక్కిన ఇంగ్లండ్ వాసి విలియం సెసిల్ స్లింగ్స్‌బీ కూడా 1904లో స్టేటిన్ మీద ప్రయత్నించి ఓడిపోయాడు.

చివరికి 1910 జూలై 30న ఫెర్డినాండ్ షెల్డెరుప్, కార్ల్ విల్హెల్మ్ రూబెన్సన్, ఆల్ఫ్ బొన్నెవీ బ్రిన్ అనే ముగ్గురు యువకులు పైకి చేరారు. వీళ్లలో రూబెన్సన్‌కు మన దేశంతో సంబంధం ఉంది. మూడేళ్ల ముందు, 1907లో, ఆయన మోన్రాడ్ ఆస్ అనే స్నేహితుడితో కలిసి సిక్కింలో కాంచన్‌జంగకు దగ్గర్లో ఉన్న కబ్రూ పర్వతం మీదికి వెళ్లి, శిఖరం ఇంకా కొద్ది ఎత్తులో ఉందనగా వెనక్కి తిరిగాడు. 7,000 మీటర్లు దాటిన మనిషికి కూడా సముద్రం ఒడ్డునున్న 1,392 మీటర్ల కొండ తేలిగ్గా లొంగలేదు. ఎత్తు ఒక్కటే కొండ కష్టాన్ని కొలవదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వాళ్లు దాటిన చోట్లలో ఇప్పటికీ ఎక్కేవాళ్లందరికీ టెన్షన్ పెట్టేది ఒక రాతి దిమ్మె. గట్టు మీద దారికి అడ్డంగా కూర్చుని ఉంటుంది. కిందంతా గాలి. చేతి వేళ్ల పట్టుతో శరీరాన్ని మోసుకుంటూ దాన్ని దాటాలి. దాని పేరు మూసోస్టెన్. మూసోస్ట్ అంటే పాల విరుగుడు తేటను గంటల తరబడి మరిగించి చేసే గోధుమ రంగు జున్ను. నార్వేలో ఇంటింటా రొట్టె మీద పలచగా కోసుకుని తినేది అదే. అంగట్లో అది చదరపు దిమ్మెలుగా దొరుకుతుంది. కొండ మీది దిమ్మె అచ్చం అలాగే ఉంటుంది. నూర్‌లాండ్ జాలరులు కొలిమిలోని దాగలిని పైకెత్తి శిఖరం చేశారు, ఆరోహకులు వంటింటి జున్నును పైకెత్తి గట్టు మీద పెట్టారు. పేర్లు పెట్టిన మనుషులు మారారు గానీ, చేతికి అందే వస్తువుతో కొండను గుర్తుపట్టే అలవాటు మారలేదు. అదే ముగ్గురు అదే వేసవిలో లోఫోటెన్‌లోని స్వోల్‌వేర్ ఊరి మీద నిలబడ్డ జంట కొమ్ముల రాతి స్తంభాన్ని కూడా మొదటిసారి ఎక్కారు. ఆ స్తంభం పేరు స్వోల్‌వేర్ మేక.

ఈ కొండకు ఇంకో పేరుంది, స్టాద్దా. అది లూలె సామీ భాషలోది. సామీలు ఉత్తర స్కాండినేవియా ఆదివాసులు. స్టేటిన్ ఉన్న టిస్‌ఫియోర్డు ప్రాంతపు ఒడ్లు లూలె సామీలకు నార్వేలో ముఖ్యమైన నివాస ప్రాంతం. ఆ ఫియోర్డును వాళ్లు దివ్తస్‌వుఓద్నా అంటారు. అక్కడి ద్రాగ్ గ్రామంలో వాళ్ల భాషా సంస్కృతుల కోసం ఆర్రాన్ అనే కేంద్రం నడుస్తోంది. ఆర్రాన్ అంటే పొయ్యి. స్టే, స్టాద్దా వినడానికి దగ్గరగా ఉన్నాయి. ఒకే నీళ్లలో చేపలు పట్టి, ఒకరి దగ్గర ఒకరు సరుకులు కొనుక్కున్న రెండు జాతుల మధ్య కొండ పేరు అటూ ఇటూ తిరగడం సహజమే. కానీ మ్యాపుల్లో చాలా కాలం ఒక్క పేరే ఉంది. 19వ శతాబ్దం మధ్య నుంచి 20వ శతాబ్దం మధ్య వరకూ సామీ పిల్లలకు బడిలో సొంత భాష లేకుండా చేసిన విధానం నార్వేలో నడిచింది. దాని మీద వేసిన కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది, 2024 నవంబర్‌లో నార్వే పార్లమెంటు క్షమాపణ చెప్పింది. భాషను బడి నుంచి తరిమినప్పుడు కొండల పేర్లు కూడా కాగితం మీది నుంచి జారిపోతాయి.

1990లో వచ్చిన స్థలనామాల చట్టం దీన్ని కొంత సరిచేసింది. ఊరి జనం తరతరాలుగా ఎలా పలుకుతారో దాన్ని ఆధారం చేసుకునే పేరు రాయాలని ఆ చట్టం అంటుంది. సామీ పేరు వాడుకలో ఉన్న చోట మ్యాపుల మీద, బోర్డుల మీద దాన్ని కూడా చూపించాలి. డెన్మార్క్ కాలపు గుమస్తాలు తమ చెవికి తోచినట్టు రాసిన పేర్లను వెనక్కి తిప్పే పని కూడా ఈ చట్టం కిందే జరుగుతోంది. దక్షిణాది ఆఫీసులో కూర్చున్నవాడి రాత కన్నా ఒడ్డున ఉన్నవాడి పలుకుకే విలువ ఇవ్వడం దీని మూల సూత్రం. స్టేటిన్ లాంటి పేరుకు అంతకన్నా సరైన రక్షణ ఉండదు, ఎందుకంటే ఆ పేరు నోటి మీదే బతికి వచ్చింది.

2020 జనవరి 1న టిస్‌ఫియోర్డు మునిసిపాలిటీని రెండు ముక్కలు చేసి ఒకటి నార్వీక్‌లో, ఇంకొకటి హామరోయ్‌లో కలిపారు. ద్రాగ్ గ్రామం, ఆర్రాన్ కేంద్రం హామరోయ్ వైపు వెళ్లాయి, శిఖరం నార్వీక్ వైపు వచ్చింది. స్టాద్దా అనే పేరును ఎక్కువగా పలికే మనుషులు ఇప్పుడు ఒక మునిసిపాలిటీలో, ఆ పేరున్న కొండ ఇంకో మునిసిపాలిటీలో ఉన్నాయి. ఫియోర్డు పక్కగా పోయే 827 నంబరు రోడ్డు మాత్రం ఆ కొండ పాదం దగ్గరి నుంచే సాగుతుంది, ఇప్పుడు చాలామంది ఆ దాగలిని మొదటిసారి చూసేది కారు అద్దంలోంచే.